ముప్పై లీటర్ల ఖాళీ

శుక్రవారం పొద్దున ఆరు గంటలకు దేవరాజ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కామారెడ్డిలో బండి తీయాలి, ఎల్లారెడ్డి దాటాక అత్తగారి బీడులో ఆపాలి, ఆదివారం పదకొండు గంటల వరకు అక్కడే ఉండాలి. అంతకు మించి చేయాల్సిన పని లేదు. ఇంత తేలికైన ప్లాను తన జీవితంలో ఎన్నడూ వేయలేదని అతను భార్య త్రివేణితో అన్నాడు కూడా.

ఆ బండి గురించి నాలుగు మాటలు చెప్పకపోతే పాపం తగులుతుంది. దేవరాజ్‌కు కామారెడ్డి బైపాస్ పక్కన లారీలకు, బస్సులకు బాడీలు కట్టే షెడ్డు ఉంది. ఇరవై ఏళ్లుగా అదే పని. ఈ మధ్య బండ్లన్నీ కంపెనీ నుంచే బాడీతో సహా దిగుతుండటంతో షెడ్డులో వెల్డింగు వెలుగు కనబడటం తగ్గిపోయింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కాబట్టి ఒక పాత స్కూలు బస్సును పట్టుకొచ్చి, ఎనిమిది నెలలు కష్టపడి దాన్ని ఇల్లుగా మార్చేశాడు. లోపల నలుగురు పడుకునే మంచాలు, పొయ్యి, స్టీలు సింకు, చిన్న బాత్రూము. తలుపు వేస్తే చప్పుడు రాదు. సొరుగు చిటికెన వేలితో లాగినా వస్తుంది. సినిమావాళ్ల కారవాన్లు చూసినవాళ్లు కూడా దీన్ని చూశాక మళ్లీ ఒకసారి ఎక్కి చూశారు.

హైదరాబాదులో ట్రావెల్స్ నడిపే అరుణ్‌కుమార్ ఆ సంగతి విని వచ్చాడు, చూశాడు, ముచ్చటపడ్డాడు. ఇలాంటివి మూడు కావాలన్నాడు. అయితే ఒక పరీక్ష పెట్టాడు.

"ఇది అడవుల దగ్గర, చెరువుల దగ్గర ఆపుకునే బండి దేవరాజ్ గారూ. అక్కడ కరెంటుండదు, నల్లా ఉండదు, నీళ్లు పోయే మోరి ఉండదు. వాడిన నీళ్లన్నీ బండి కిందున్న ట్యాంకులోనే ఆగాలి. నలుగురు మనుషులు, మూడు రోజులు. ట్యాంకు ఖాళీ చేయొద్దు, కింద చుక్క పడొద్దు. ఆదివారం నేనే వచ్చి చూస్తా," అన్నాడు. అని ఊరుకోలేదు. ట్యాంకు అడుగున ఉన్న వాల్వుకు తీగ చుట్టి, కరెంటు మీటరుకు వేసినట్టు సీలు వేసి వెళ్లాడు.

ఆ సీలు తెగితే ఆర్డరు లేదు. ఆర్డరు లేకపోతే దసరా తర్వాత షెడ్డుకు తాళం పడుతుందని దేవరాజ్‌కు తెలుసు. షెడ్డులో పనిచేసే నలుగురు వెల్డర్లకు ఆ మాట ఇంకా చెప్పలేదు.

అందుకే లెక్క పక్కాగా వేసి, కార్డు మీద రాసి, సింకు పైన అంటించాడు. వాడిన నీళ్ల ట్యాంకు నూట అరవై లీటర్లు. మనిషికి రోజుకు పన్నెండు లీటర్లు. నలుగురికి మూడు రోజులకు నూట నలభై నాలుగు. ట్యాంకు ఎంతవరకు నిండిందో చెప్పడానికి డ్రైవరు సీటు వెనక నాలుగు బల్బులు పెట్టాడు. నాలుగోది ఎర్రది. అది వెలిగిందంటే ఇంకా ముప్పై లీటర్ల ఖాళీయే ఉందని అర్థం. అదీ నిండితే నీళ్లు బాత్రూము జాలిలోంచి పైకి తన్నుకొస్తాయి.

"ఏ సౌలతు లేని జాగ కావాలంటే నీకు మా తల్లిగారి ఊరే యాదికొచ్చిందా?" అంది త్రివేణి బండి ఎక్కుతూ.

"మీ అమ్మ బీడు అయితే ఎవ్వరు రారు. మనం, మీ అమ్మ, సతీశ్. నలుగురమే. శాంతంగ ఉంటది," అన్నాడు దేవరాజ్.

తొమ్మిది గంటలకు బీడు దగ్గరికి చేరేసరికి అక్కడ రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు, ఇరవై ఇద్దరు చుట్టాలు, ఒక నల్ల మేకపోతు ఉన్నారు. మేకపోతు మెడలో పూలదండ ఉంది. అందరికంటే ముందు బామ్మర్ది సతీశ్ ఎదురొచ్చాడు.

"గిదేంది సతీశూ?"

"ఏందంటవేంది బావా! కొత్త బండి కట్టినవ్. మైసమ్మకు యాటను కోయకుంట రోడ్డు మీద తిప్పుతవా? టైర్ల కింద నిమ్మకాయలు పెడితే అయిపోతదా? నువ్వేం పరేషాన్ కాకు, అంత నేను జూసుకుంట."

కాదనడానికి వీల్లేని మాట. కొత్త బండికి యాటను కోసి నలుగురికి పెట్టకపోతే అత్తగారి తరఫువాళ్లంతా పిసినారి అల్లుడంటారు, పైగా దారిలో ఏ చిన్న పంక్చరయినా దానికీ దీనికీ ముడిపెడతారు. వంట ఎలాగూ బయట రాళ్ల పొయ్యి మీదే కదా అని దేవరాజ్ మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

తప్పు మొదట అతని దగ్గరే జరిగిందని చెప్పాలి. త్రివేణి చిన్నాయన బండి ఎక్కి, సింకును చేత్తో తడిమి, "అల్లుడా, గీ నల్లా తిప్పితే నీళ్లు నిజంగనే వస్తయా?" అని అడిగాడు. ఎనిమిది నెలలు కష్టపడి చేసిన మనిషికి అంతకంటే తీయని ప్రశ్న ఉండదు. "చూడు మామా!" అని దేవరాజే నల్లా తిప్పాడు. నీళ్లు వచ్చాయి. చిన్నాయన చేతులు కడుక్కున్నాడు. ఆయన కడుక్కున్నాక మిగతా ఇరవై ఒక్కమంది కడుక్కోకపోతే చిన్నతనం కదా. వరసగా ఎక్కారు, వరసగా తిప్పారు. బండిలో స్నానం ఎట్లా చేస్తారని అడిగిన ప్రతి ఒక్కరికీ సతీశ్ షవరు విప్పి చూపించాడు.

దేవరాజ్‌ను చెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పుతుండగా బండి లోపల నీళ్ల మోటరు ఆగకుండా మోగడం వినిపించింది. ఒక నిమిషం చూశాడు, రెండు నిమిషాలు చూశాడు. శాలువాతోనే పరుగెత్తి చూస్తే, సతీశ్ సింకు ముందు నిలబడి మేక బోటి కడుగుతున్నాడు. బోటి కడగడమంటే తెలిసినవాళ్లకు తెలుసు. నీళ్లు తెల్లగా అయ్యేదాకా కడుగుతూనే ఉండాలి.

"సింకు మస్తుగున్నది బావా! చెరువు కాడ కడిగితే ఇసుక తలుగుతది. దీంట్ల అద్దం లెక్క అయితున్నది," అన్నాడు సతీశ్ నిండు మెచ్చుకోలుతో.

రెండో బల్బు వెలిగింది. అల్లుడు నోరు తెరిచి, మీ నీళ్లు నా ట్యాంకులో పోయొద్దని అత్తగారి ఊళ్లో ఎలా అంటాడు? దేవరాజ్ డ్రైవరు సీటు దగ్గరికి వెళ్లి మోటరు స్విచ్చి కట్టేశాడు. నల్లా ఆగింది. ఉపాయం బాగుందని తనను తాను మెచ్చుకున్నాడు.

ఆ మెచ్చుకోలు అరగంట నిలిచింది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు నీళ్ల బాధ అంటే ఒక్కటే అర్థం: నీళ్లు రాకపోవడం. బోరు ఎండితే తెలుసు, నల్లా రాకపోతే తెలుసు, బిందెలు వరస పెట్టడం తెలుసు. నీళ్లు ఉండీ, వస్తూ, పోవడానికి చోటు లేక మనిషి ఏడుస్తాడన్నది ఆ గుంపులో ఎవరి ఊహకూ అందే సంగతి కాదు. అల్లుడి బండిలో నీళ్లయిపోయాయన్న వార్త పొయ్యి దాకా, అక్కడి నుంచి ఆటోల దాకా పాకింది. సతీశ్ ముఖం చిన్నబోయింది. మా ఊరికొచ్చిన బావకు నీళ్లు లేకపోవడమా! స్నేహితుడికి ఫోను చేశాడు. ట్రాక్టరు వెనక ట్యాంకరు కట్టుకుని స్నేహితుడు రానేవచ్చాడు.

"వద్దు సతీశూ, నీళ్లు చాలు, చాలున్నయి!"

"మొహమాటపడకు బావా. నీ ఇజ్జత్ నా ఇజ్జత్ కాదా?"

మంచినీళ్ల ట్యాంకు అంచుదాకా నింపారు. మోటరు స్విచ్చి ఎవరో పొరపాటున కట్టేశారని సతీశే కనిపెట్టి, వేసి, ఇంకెవరూ కట్టేయకుండా దాని మీద టేపు అంటించాడు. భోజనాలయ్యాక ఇరవై ఇద్దరూ మళ్లీ బండి ఎక్కి నిమ్మకాయ వాసన సబ్బుతో తీరిగ్గా చేతులు కడుక్కున్నారు. ఎక్కిన ప్రతివాళ్లూ దేవరాజ్ భుజం తట్టి, ఇలాంటి పనిమంతుడు జిల్లాలో లేడన్నారు. ఆ పొగడ్తలు వింటూ అతను బల్బుల వైపు చూస్తూ కూర్చున్నాడు. పొద్దు గూకేసరికి మూడోది వెలిగింది. ఆటోలు వెళ్లిపోయాయి.

శనివారం పొద్దున సతీశ్ స్నానానికి వెళ్లాడు. ఫోనులో పాటలు పెట్టుకుని వెళ్లాడు. మూడో పాట అవుతుండగా నాలుగో బల్బు ఎర్రగా వెలిగింది. సతీశ్ బయటికొచ్చి, తడి తువ్వాలు ఆరేయడానికి వేరే చోటు కనబడక సరిగ్గా ఆ బల్బుల మీదే ఆరేశాడు. దేవరాజ్ త్రివేణిని, సతీశ్‌ను మెట్టు దగ్గరికి పిలిచాడు.

అప్పుడు గానీ అసలు సంగతి చెప్పలేదు. సీలు, ఆర్డరు, షెడ్డు, వెల్డర్లు, అన్నీ చెప్పాడు. త్రివేణికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిన్ననే చెప్తే ఏం పోయింది నీకు?" అంది.

"మీవాళ్లను చేతులు కడుక్కోవద్దని నేనెట్ల చెప్త త్రివేణీ?"

సతీశ్‌కు సగమే అర్థమైంది. ఆ సగంతోనే లేచాడు. "గింతేనా బావా! నీళ్లు పోవుడు గింత కష్టమా? కింద వాల్వు ఇప్పితే పోతయి," అంటూ స్పానర్ తీసుకుని బండి కింద దూరాడు. దేవరాజ్ అతని రెండు కాళ్లూ పట్టుకుని బయటికి గుంజాడు. స్పానర్ సీలు తీగకు బెత్తెడు దూరంలో ఆగింది. సతీశ్ పట్టువిడవలేదు. "సీలు ముట్టకుంట పై నుంచి పైపేసి గుంజుదాం. ఆయనకేం తెలుస్తది?" అన్నాడు.

"మాటిచ్చినోళ్లు గుంజరు సతీశ్," అన్న గొంతు మెట్టు పక్కనుంచి వినిపించింది.

ఆ గొంతు అత్తగారు సత్యమ్మది. అరవై అయిదేళ్ల మనిషి. నిన్నటి నుంచి బండి నీడలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుంది. అంత దావతులోనూ ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చాట పక్కన పెట్టింది.

"అల్లుడా, గా ట్యాంకుల ఇంకెన్ని నీళ్లు పడతయి?"

"ముప్పై లీటర్లే అత్తమ్మా. రేపు పదకొండు దాక నలుగురం ఉండాలె."

సత్యమ్మ వేళ్ల మీద లెక్కేసింది. "చాన ఉన్నయి," అంది.

ఆమె ఊరికే అనలేదు. ఎల్లారెడ్డిలో సత్యమ్మ ఇల్లు గల్లీ చివరన ఉంది. ఆమె కాపురానికి వచ్చిననాడు ఆ ఇంటికి మోరి లేదు. నీళ్లు పోవాలంటే పక్కింటి బాలమల్లు వాకిట్లోంచే పోవాలి. పోతే బాలమల్లు గల్లీలో నిలబడి ఏడు తరాలను పేరు పేరునా తలచుకునేవాడు. నలభై ఏళ్లు, ఆరుగురు మనుషులు, రెండు పెండ్లిండ్లు, మూడు పురుళ్లు. ఆ ఇంట్లోంచి చుక్క బయటికి రాలేదు. ఇంత పని చేసినవాళ్లకు ఎవరూ శాలువా కప్పలేదు. అది పని అని కూడా ఎవరికీ తోచలేదు.

"మూడేండ్ల కింద మోరి కట్టిన్రు. నాకే ఇంక అలవాటు కాలే," అంది సత్యమ్మ నడుముకు కొంగు చుట్టుకుంటూ.

మొదట నల్లాకు గుడ్డ చుట్టి గట్టిగా ముడేసింది. నీళ్లు ఇక చెంబుతోనే అంది. సింకు తూము మీద గంజు గిన్నె పెట్టింది. తినడానికి మోదుగాకు విస్తర్లు వచ్చాయి. గిన్నెలను ముందు పొయ్యి బూడిదతో పొడిగా రుద్ది, పాత గుడ్డతో తుడిచి, ఆపైన అరచెంబు నీళ్లతో తొలిచింది. అదీ ఒక వరసలో: ముందు గ్లాసులు, ఆ నీళ్లతోనే అన్నం గిన్నె, ఆ నీళ్లతోనే కూర గిన్నె. మిగిలిన జిడ్డు నీళ్లు మాత్రమే తూములోకి పోయాయి. బియ్యం కడిగిన నీళ్లకు గంజి కలిపి బకెట్టులో పోసి, బర్రెను పట్టుకు రమ్మని సతీశ్‌ను పంపింది.

దేవరాజ్‌కు అనుమానం వచ్చింది. "అత్తమ్మా, బయట పోయొద్దన్నడు కద ఆయన?"

"కింద పడొద్దన్నడు. బర్రె కడుపు కిందనా?"

స్నానాలు కూడా ఆమె చెప్పినట్టే జరిగాయి. తొట్టిలో నిలబడి, చెంబెడు నీళ్లలో ముంచిన తువ్వాలుతో ఒళ్లు తుడుచుకోవాలి. తొట్టిలో మిగిలిన నీళ్లు లెట్రిన్‌లో పోయాలి. దానికి వేరే ట్యాంకు ఉంది, దానిలో బోలెడు ఖాళీ ఉంది. ఇంజినీర్లు చదివి నేర్చుకోవాల్సిన ఈ తిరకాసు ఆమెకు బండి ఒకసారి చూస్తేనే తెలిసిపోయింది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆమె చెవులు ఒక ఎత్తు. బయట మళ్లీ బీడీల చాట ముందేసుకుని, బండి వైపు వీపు పెట్టి కూర్చునేది. లోపల చెంబు వంగితే చాలు, ఎవరు వంచారో, ఎన్ని నీళ్లు పోయాయో ఆ చప్పుడుకే తెలిసేది.

"సతీశ్! అది మూడో గ్లాసు! పండ్లు తోముతున్నవా, పొలం పారిస్తున్నవా?"

సతీశ్ నోట్లో నురగతోనే గ్లాసు కింద పెట్టేవాడు. నలభై ఏళ్లు బాలమల్లు దగ్గర విన్న మాటల్లో మంచి మంచివి ఆమెకు బాగా గుర్తున్నాయి. సాయంత్రానికి దేవరాజ్ ఇనుప కొలబద్ద ట్యాంకులో దించి చూశాడు. పగలంతా కలిపి తొమ్మిది లీటర్లు కూడా పడలేదు. మళ్లీ దించి చూశాడు. అంతే ఉంది. అతను బండి దిగి అత్తగారి కాళ్లకు మొక్కబోతే, "కాళ్లు ముడితే చేతులు కడగాలె, పో," అని వెళ్లగొట్టింది.

ఆదివారం పది గంటలకు దేవరాజ్ సతీశ్‌ను వెంటబెట్టుకుని అరుణ్‌కుమార్‌కు దారి చూపడానికి మోటారు సైకిలు మీద మెయిన్ రోడ్డు దాకా వెళ్లాడు. ఫోనులో మ్యాపు పెట్టుకుని వచ్చిన అరుణ్‌కుమార్ ఇంకో బాట పట్టి కారుతో నేరుగా బీడులోకే దిగాడు. త్రివేణి విస్తర్ల కోసం వెళ్లింది. సత్యమ్మ బండి వెనక బర్రెకు కుడితి పెడుతోంది. ఎవరూ కనబడకపోయేసరికి అరుణ్‌కుమార్ బండి ఎక్కాడు. దారి దుమ్ము కదా, బాత్రూములోకి వెళ్లి ముఖానికి సబ్బు రాసుకుని షవరు విప్పాడు. దానికి గుడ్డ చుట్టడం సత్యమ్మ మరచిపోయింది.

"ఎవడ్రా అదీ!" బండి అవతలి నుంచి గొంతు లేచింది. "నీళ్లు అట్ల ఇడిసిపెట్టినవేంది? నీ తాత తవ్విచ్చిన చెరువనుకున్నవా? బందు చెయ్ ముందు!"

షవరు ఆగింది.

దేవరాజ్ మోటారు సైకిలు మీద తిరిగొచ్చేసరికి కనబడిన దృశ్యం ఇది. మూడు బండ్లు కొనవలసిన మనిషి ముఖం నిండా సబ్బు నురగతో, కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. సత్యమ్మ అతనికి తడి గుడ్డ కొస అందిస్తూ, "గీ కొసతోని తుడ్సుకో. ఇంకో కొస నాకు గావాలె," అంటోంది.

"అత్తమ్మా, ఆయనే... సారు!" అన్నాడు దేవరాజ్. మోటారు సైకిలుకు స్టాండు వేయడం కూడా మరచిపోయాడు, అది పక్కకు ఒరిగింది.

అరుణ్‌కుమార్ ముఖం తుడుచుకుని బండి కిందికి వంగాడు. సీలు సీలులాగే ఉంది. కొలబద్ద దించి చూశాడు. ఇంకా నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. మొన్నటి నుంచి జరిగిందంతా అడిగి చెప్పించుకున్నాడు. దేవరాజ్ బోటి సంగతితో సహా ఏదీ దాచలేదు. అంతా విన్నాక అరుణ్‌కుమార్ తల ఊపాడు.

"పరీక్ష పాసయింది దేవరాజ్ గారూ. కానీ పాసయింది మీ అత్తమ్మ. బండి కాదు."

దేవరాజ్ అతని చేతిలోని కొలబద్ద అందుకున్నాడు.

"నా కస్టమర్లు సతీశ్ లాంటోళ్లు. మూడు పాటలయ్యేదాకా స్నానం చేస్తరు. మీ ఎర్ర బల్బు మీద తువ్వాలు ఆరేస్తరు. బండికొక సత్యమ్మను నేనెక్కడి నుంచి తేవాలె? మనిషి లేనిదే నడవని ట్యాంకును నేను కొనలేను. ఏమనుకోకండి," అని కారు వైపు తిరిగాడు.

ఎనిమిది నెలల కష్టం, షెడ్డు, నలుగురి పని, అన్నీ ఆ కారులో ఎక్కి వెళ్లిపోతున్నట్టే ఉంది. విస్తర్లతో తిరిగొచ్చిన త్రివేణి భర్త చెయ్యి పట్టుకుంది. సత్యమ్మ మాత్రం బతిమాలలేదు. కొత్త మనిషిని చూసినట్టు కాకుండా, గల్లీలో పోయేవాణ్ని ఆపినట్టు ఆపింది.

"ఓ అయ్యా, ఒక్క మాట చెప్పి పో. మొఖం మీద సబ్బుండంగనే షవరెందుకు బందు చేసినవ్?"

అరుణ్‌కుమార్ ఆగాడు. "మీరు గట్ల తిడితే భయమైందమ్మా."

"నేను నీకు కనవడ్డనా?"

"లేదు."

"మరి గంతే," అని సత్యమ్మ బర్రె దగ్గరికి వెళ్లిపోయింది.

మనిషి కనబడకపోయినా గొంతు ఒక్కటే చాలన్నది దేవరాజ్‌కు అర్థమయ్యేందుకు ఒక్క నిమిషం పట్టింది. లారీ వెనక్కి వెళ్లేటప్పుడు మాట్లాడే పెట్టెలు అతను తన చేత్తో కొన్ని వందలు బిగించాడు. "సార్! ఎర్ర బల్బు పీకేస్త సార్!" అని కారు వెంట పరుగెత్తాడు. "దాని వైరు తీసుకపోయి మాట్లాడే పెట్టెకు కలుపుత. ముప్పై లీటర్ల ఖాళీ మిగలంగనే మా అత్తమ్మ మొదలు పెడుతది!"

అరుణ్‌కుమార్ కారు తలుపు పట్టుకుని కాసేపు నవ్వాడు. తర్వాత తన చేత్తోనే సీలు తెంచి, మూడు బండ్లకూ నోరు పెట్టి ఇమ్మన్నాడు. దేవరాజ్ అక్కడే బీడులో నిలబడి షెడ్డుకు ఫోను చేశాడు. మాట్లాడుతూ ఏడ్చాడు. తప్పేముంది?

వారం తర్వాత కామారెడ్డి షెడ్డులో సత్యమ్మ గొంతు రికార్డు చేసే పని పెట్టుకున్నారు. కస్టమర్లు కాబట్టి కొంచెం మర్యాదగా ఉండాలని అరుణ్‌కుమార్ ఒక కాగితం రాసి పంపాడు. సత్యమ్మ "దయచేసి" అన్న మాట దగ్గర నాలుగుసార్లు ఆగిపోయింది. అయిదోసారి సతీశ్ షెడ్డు వెనక్కి వెళ్లి నల్లా ధారగా విప్పి వదిలాడు. ఒక్క నిమిషంలో కావలసినదంతా వచ్చేసింది, కాగితంలో లేనిది కూడా వచ్చింది. అరుణ్‌కుమార్ విని, ఒక్క ముక్క కూడా తీయొద్దన్నాడు.

ఆ మూడు బండ్లు ఇప్పుడు అడవులు, చెరువులు తిరుగుతున్నాయి. ట్యాంకు నిండి పొర్లిందన్న మాట ఇంతవరకు ఎక్కడా వినబడలేదు. వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: ట్యాంకు ఖాళీ చేసి తెచ్చాక కూడా ఆ బండ్లలో స్నానం చేయడానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదట.